ముక్కుతో కొనే మనిషి

మా పాత ఇంటి వాచ్‌మన్ భార్య మా ఇప్పటి ఇంటి దగ్గరి చౌరస్తాలో కనిపించింది. ఆమె బస్సు కోసం నిలబడి ఉంది, నేను రోడ్డు దాటి సూపర్ మార్కెట్‌కి వెళ్తున్నాను. పిల్లల సంగతులూ ఎండల సంగతులూ అయ్యాక, "కింది పోర్షన్ అమ్మ పోయింది మేడం, ఎరికేనా?" అంది. నాకు తెలీదు. మేం నాచారం వదిలి చాలా కాలమైంది. "నిద్రల్నే పోయింది. ఎవ్వరితోని చేయించుకోలే" అని చెప్పి, బస్సు రాగానే ఎక్కేసింది.

నేను షాపులోకి వెళ్ళాను. పప్పుల వరస ముందు నిలబడి ఏం కొనడానికి వచ్చానో మర్చిపోయి, చాలాసేపటి తర్వాత ఉత్త చేతులతో ఇంటికి వచ్చేశాను.

నాచారంలో మేం అద్దెకున్న మూడంతస్తుల ఇంట్లో కింది భాగం ఆవిడది. భర్త అక్కడే ఒక ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. జనగామ వైపు మనుషులు. మేం తెనాలి వైపు నుంచి కొత్తగా వచ్చాం. మా వారు ఉద్యోగానికి వెళ్తే నేను సాయంత్రాలు ఇంట్లో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. మొదటిసారి నేను "పిన్నిగారూ" అని పిలిస్తే ఆవిడ వెనక్కి తిరిగి చూసి, "పిన్ని అను, సాలు. గారు ఎందుకు, నేనేమన్న ఎమ్మార్వోనా?" అంది. తను మాత్రం నన్ను ఆ రోజు నుంచే బిడ్డా అంది.

రింగు రోడ్డు పక్కన ఆ తక్కువ ధరల సూపర్ మార్కెట్ తెరిచిన కొత్త రోజులవి. ఆదివారం వస్తే మా వీధి వీధంతా జాతరకి వెళ్ళినట్టు పిల్లల్ని వేసుకుని వెళ్ళేది. ఆవిడ ఆదివారం గడప దాటేది కాదు. "ఆదివారం పోతే మనుషుల వాసన వస్తది గని సరుకు వాసన రాదు" అనేది. వారం మధ్యలో, షాపు తలుపులు తీసిన కాసేపటికి, రెండు గుడ్డ సంచులు చంకన పెట్టుకుని మెట్ల కింద నిలబడి నన్ను కేకేసేది.

షాపులో ఆవిడ నడకే వేరు. అందరూ ముందు తలుపు నుంచి మొదలుపెడితే, ఆవిడ తిన్నగా చిట్టచివరి వరసకి పోయి అక్కడి నుంచి వెనక్కి వచ్చేది. అరల్లో ముందున్న ప్యాకెట్‌ని ముట్టుకునేది కాదు. చెయ్యి భుజందాకా లోపలికి పోనిచ్చి వెనకనుంచి తీసేది. "ముంగట పెట్టింది ఆళ్ళు అమ్ముకోవాలనుకున్నది. మనకు కావాల్సింది ఎనక ఉంటది" అనేది. తీరా చూస్తే వెనక ప్యాకెట్ మీద తేదీ కొత్తదే ఉండేది. వరసలు సర్దే అమ్మాయిలు ఆవిడ రాగానే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు.

రవ్వ ప్యాకెట్‌ని తలకిందులు చేసి వెలుతురుకి పట్టేది. రవ్వ జారకుండా దారం కట్టినట్టు వేలాడితే పురుగు గూడు పెట్టిందన్నమాట. ఉల్లిగడ్డని మెడ దగ్గర నొక్కేది. ఎండుకొబ్బరి చిప్పల్ని ఆవిడ కుడుకలు అనేది. వాటిని రెండు చేతుల్లో తీసుకుని ఒకదానికొకటి కొట్టి, ఆ చప్పుడుని బట్టి ఏరుకునేది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని టేపు చుట్టిన జంట ప్యాకెట్లు కనిపిస్తే, కింద అతుక్కుని ఉన్నదాన్ని వేలితో వంచి చూసేది. "ఉత్తగ ఇచ్చేదాని తారీఖు ముందు సూడాలె బిడ్డా. ఉత్తగ ఎవ్వరియ్యరు."

ఇవన్నీ అయ్యాక అసలు పని ముక్కుది. డబ్బాల్లో విడిగా పోసి ఉన్న పల్లీలో, కందిపప్పో గుప్పెడు తీసుకుని, అరచేతుల మధ్య నలిపి, ఉఫ్ అని ఊది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. పక్కన ట్రాలీ బండ్లు గుద్దుకుంటున్నా, పిల్లలు ఏడుస్తున్నా ఆ కళ్ళు తెరుచుకునేవి కావు. తర్వాత ఒక్క మాటలో తేల్చేసేది. "పోయినేడువి." లేదా, "గోదాంల తడిసినయ్." లేదా, "మంచిగున్నయ్, కట్టించు."

అన్నిసార్లూ ఆవిడ నెగ్గిందని చెప్పను. ప్లాస్టిక్ డబ్బా ఉచితం అంటే చాలు, ముక్కూ కళ్ళూ రెండూ మూతపడేవి. వాళ్ళ వంటింటి అటక నిండా రంగు రంగుల డబ్బాలే. ఒకసారి డబ్బా కోసం ఏదో ఓట్స్ బస్తా కొంది. ఓట్స్ అంటే ఏమిటో ఇంటికొచ్చాక నన్ను అడిగింది. బాబాయిగారు కొన్నాళ్ళపాటు పొద్దున్నే ఆ జావ తాగారు. ఆయన ఏమీ అనలేదు. ఆవిడకి ఆయన మీదున్న ఫిర్యాదల్లా అదే.

"ముంగట ఏం పెట్టినా తింటడు. ఉప్పు ఏయకున్న తింటడు, రెండుసార్లు ఏసినా తింటడు. గసోంటి మనిషికి వండుడంటే గోడకు వండినట్టే" అనేది. ఆయన వరండాలో పేపరు చదువుకుంటూ వినేవారు. విని పేజీ తిప్పేవారు.

ఉద్యమం రోజుల్లో బంద్‌లు ఎక్కువగా ఉండేవి. రేపు బంద్ అనగానే జనం బండ్ల నిండా కూరలు కుమ్మేసేవాళ్ళు. అలాంటి ఒక రోజు మేమిద్దరం వెళ్ళాం. నల్లమచ్చలు పడ్డ కాలీఫ్లవర్లని కూడా చూడకుండా లాక్కుంటున్నారు. ఆవిడకి అది అవమానంలా తోచింది. ఒకాయన బండిలోంచి ఒక పువ్వు తీసి, వెనక్కి తిప్పి కుళ్ళు చూపించి, "రేపు బందైతే ఇయ్యాల కండ్లు బంద్ జేసుకుంటరా అన్నా?" అంది. ఆయన కోప్పడతాడేమో అని నేను భయపడ్డాను. ఆయన ఆ పువ్వు పక్కన పెట్టేసి, "ఇంకోటి నువ్వే సూసియ్యమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఇంకొకళ్ళు అడిగారు. ఆ రోజు మేం ఇంటికి ఏం తెచ్చుకున్నామో గుర్తులేదు. ఆవిడ మాత్రం పెళ్ళి పెద్దలా కాలీఫ్లవర్ల గుట్ట ముందు చాలాసేపు నిలబడింది.

మా ఇంట్లో అద్దెకున్నవాళ్ళందరం ఏదైనా అనుమానం వస్తే ప్యాకెట్ పట్టుకుని కిందికి వెళ్ళేవాళ్ళం. ఆవిడ వాసన చూసి, వాడుకోమంటే వాడుకునేవాళ్ళం, పారేయమంటే పారేసేవాళ్ళం.

ఒక చలికాలం హబ్సిగూడలో బస్సు దిగుతూ ఆవిడ జారి వెల్లకిలా పడింది. తల వెనక భాగం రోడ్డుకి కొట్టుకుంది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచారు. పెద్ద ప్రమాదం తప్పిందన్నారు. ఇంటికి వచ్చాక మనిషి కొంచెం చిక్కింది కానీ మాటలో తేడా లేదు. కుట్లు కనపడకుండా కొంగు తలమీదికి కప్పుకుని, మళ్ళీ సంచులు చంకన పెట్టుకుని మెట్ల కింద నిలబడి కేకేసింది.

ఈసారి ఆవిడతో బాబాయిగారూ బయల్దేరారు. అంతకుముందు ఆయన ఆ షాపులో కాలు పెట్టడం నేను చూడలేదు. పడిన మనిషి కదా, తోడు వస్తున్నారనుకున్నాను. ఆయన సంచి పట్టుకుని ఆవిడ పక్కనే నడిచేవారు. ఆవిడ ఇప్పుడు వాసన చూడటం కంటే కొరికి చూడటం ఎక్కువ చేసింది. బియ్యం గింజ కొరికేది, పప్పు కొరికేది. ముక్కు దగ్గర పెట్టుకున్నా, ఏదీ తేల్చకుండా గుప్పెడు నా చేతిలో పోసేది. "నువ్వు సూడు బిడ్డా. నీకు కూడ రావాలె గద ఈ పని" అనేది. నాకు పని నేర్పుతోందని నేను పొంగిపోయాను.

అంతలో ఇంట్లో చిన్న గుసగుసలు మొదలయ్యాయి. పిన్ని బాగుందన్న గోధుమపిండి చేదుగా ఉందని పై వాటా ఆవిడ అంది. నెయ్యి కూడా వాసనొచ్చిందట. "పెద్దావిడ కదా, పాపం" అని కూడా అంది. ఆ పాపం అన్న మాట ఆవిడ చెవిన పడకూడదని నేను అనుకున్నాను.

బాబాయిగారు షుగరు పరీక్షకి వెళ్ళిన ఒక పొద్దున మేమిద్దరమే షాపుకి వెళ్ళాం. ఆవిడకి పొడి కొట్టడానికి పల్లీలు కావాలి. గుప్పెడు తీసుకుంది. నలిపింది, ఊదింది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పాత రోజుల్లోలాగే తల ఊపింది.

"మంచిగున్నయ్. కట్టించు."

ఆవిడ నేర్పిన అలవాటు కొద్దీ నేను కూడా నాలుగు గింజలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పాత నూనె గుడ్డలాగా గుప్పుమంది. ముక్కిపోయిన వాసన. అది తెలియడానికి ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు.

"పిన్నీ, ఇంకోసారి చూడండి" అన్నాను.

ఆవిడ పల్లీల వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది. తూకం అమ్మాయి కవరు తెరిచి పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆవిడ గుప్పిట్లో ఉన్న గింజల్ని మెల్లగా డబ్బాలోకి వదిలేసి, "ఒద్దులే అమ్మా" అంది. బియ్యం బస్తాలు పేర్చి ఉన్న మూలకి వెళ్ళి, ఒక బస్తా మీద కూర్చుంది.

"నాకేం వస్తలేదు బిడ్డా."

"జలుబు చేసిందా?"

"జలుబైతే పోతది. పడ్డకాడికెల్లి ఏం వస్తలేదు. దవాఖానల కండ్లు తెరిసినంక, మంచి దవాఖాన ఉన్నట్టుంది, ఫినాయిలు వాసన కూడ లేదు అనుకున్న." నవ్వబోయి ఆగిపోయింది. "అది దవాఖాన మంచితనం కాదని ఇంటికొచ్చినంక తెలిసింది."

"డాక్టరుకి చెప్పారా?"

"చెప్పిన. లోపల నరం దెబ్బతిన్నదంట. రావొచ్చు, రాకపోవచ్చు. తలకాయ మంచిగుంది, సంతోషించు అన్నడు."

"బాబాయిగారికి?"

"ఆయనకెందుకు? తెలిస్తే బుక్క నోట్లె పెట్టుకునేటప్పుడు భయపడతడు, ఇది ఏం పెట్టిందో ఏమో అని. గోడ లెక్క తినే మనిషిని గట్లనే తిననియ్యి." కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంది. "అన్నం ఉడుకుతుంటె నాకు తెల్వదు బిడ్డా. పొయ్యి ముంగట నిలబడితే టీవీల ఎవరో వంట చేస్తుంటె సూసినట్టుంది."

నేను పక్కన ఇంకో బస్తా మీద కూర్చున్నాను.

ఆ రోజు నుంచి షాపులో ఆవిడ ముక్కు పని నేను చేశాను. చూసేవాళ్ళకి ఆవిడ నాకు నేర్పుతున్నట్టే ఉండేది. కానీ నేను బాగుంది, బాగాలేదు అంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. "మంచిగుంది అంటె ఏం సమజైతది? దేని లెక్కుందో చెప్పు" అనేది. అలా అడిగితే గానీ నాకు తెలియలేదు, నేను అంతవరకు దేన్నీ సరిగ్గా వాసన చూడలేదని. ఒకసారి కొత్తిమీర కట్ట ఇచ్చి అడిగింది. నేను ఆలోచించి, "తడి మట్టి, దాని మీద నిమ్మతొక్క గిల్లినట్టు" అన్నాను. ఆవిడ కట్టని ముక్కుకి ఆనించి కళ్ళు మూసుకుంది. "ఆ" అంది కాసేపటికి. "యాదికొచ్చింది."

అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక పొద్దున నేను కరివేపాకు ఇద్దామని కిందికి వెళ్తే, బాబాయిగారు వెనకవైపు కుళాయి దగ్గర గిన్నెలో పాలు పారబోస్తున్నారు. పక్కన గట్టు మీద కొత్త పాల ప్యాకెట్ ఉంది. నన్ను చూసి లోపలికి చెవి పెట్టారు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"పాలు పాడైనయమ్మా" అన్నారు గొంతు తగ్గించి. "ఆమెకు తెల్వదు."

ఆయనకి ఎంత తెలుసో నాకు అర్థమైంది.

"ఎప్పటినుంచి బాబాయిగారూ?"

"దవాఖానకెల్లి వచ్చిన కొత్తలనే. పొయ్యి మీద కూర మాడి ఇల్లంత వాసన. ఆమె హాల్ల కూసోని చిక్కుడుకాయ తెంపుతుంది. కదల్లే." ఆయన గిన్నె కడిగి కొత్త పాలు అందులో పోశారు. "స్నానానికి పోయినప్పుడు డబ్బాలన్ని ఒకసారి సూస్తున్న. గ్యాసు కట్టేసిందో లేదో సూస్తున్న."

"మరి ఆవిడతో అనలేదేం?"

"ఆమె దాసిపెట్టింది గద. దాసుకోనియ్యి అనుకున్న. ఈ ఇంట్ల ఆమె పెద్దరికమంత ఆ ముక్కే కదమ్మా." గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన కోసం ఆవిడ దాస్తోంది. ఆవిడ కోసం ఆయన దాస్తున్నారు. ఎవరి మాట ఎవరికీ చెప్పే హక్కు నాకు లేదనిపించింది. చివరికి అది ఒక మధ్యాహ్నం దానంతట అదే బయటపడింది.

నేను వాళ్ళ హాల్లో కూర్చుని ఉన్నాను. ఆవిడ వంటింట్లో పప్పుకి పోపు పెడుతూ నాతో మాట్లాడుతోంది. బాబాయిగారు పేపరు చదువుతున్నారు. మాటల్లో పడి ఆవిడ మూకుడు వైపు చూడలేదు. మాడు వాసన నాకూ తగిలింది. నేను లేచేలోపల ఆయన పేపరు దించకుండానే, "ఆవాలు మాడుతున్నయ్" అన్నారు.

వంటింట్లో మాట ఆగిపోయింది. పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది. ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏమన్నవ్?"

ఆయన పేపరు దించారు.

"ఉప్పెక్కువైందని కూడ ఎన్నడు నోరు తెరవని మనిషివి. ఆవాలు మాడుతున్నయని నాకెందుకు చెప్పినవ్? ముక్కు నాకు లేదా?"

ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పినవా బిడ్డా?"

"ఆమె చెప్పలే" అన్నారు ఆయన. "నాకే తెల్సు. మొదటికెల్లి తెల్సు."

ఆవిడ గుమ్మానికి ఆనుకుంది. ఆవిడ మనసులో ఒక్కొక్క డబ్బా తెరిచి చూసుకుంటున్నట్టు నాకనిపించింది.

"అయితే పాలు?" అంది.

"నేనే మార్చిన."

"మొన్నటి ఇడ్లీ పిండి?"

"పులిసిపోయింది. పారబోసి హోటల్ల పిండి తెచ్చి పోసిన. నువ్వు నీ ఇడ్లీలే మెత్తగొచ్చినయనుకున్నవ్."

ఆవిడకి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఇల్లు నేనే నడిపిస్తున్ననుకున్న" అంది.

"నువ్వే నడిపిస్తున్నవ్" అన్నారు ఆయన. "నేను ఉత్తగ వాసన సూసిన."

ఆ తర్వాత నా ఉద్యోగం ఊడింది. వాళ్ళిద్దరే షాపుకి వెళ్ళేవాళ్ళు. నేను కలిసి వెళ్ళినా వెనక నడిచేదాన్ని. ఆయన ముక్కు మొద్దు ముక్కు. కుళ్ళిందీ కుళ్ళనిదీ తప్ప మధ్యలో ఉన్నవేవీ దానికి అందేవి కావు. ఆవిడ వదిలేది కాదు. కందిపప్పు గుప్పెడు ఆయన ముక్కు కింద పెట్టి, "ఎట్లుంది?" అనేది.

"బాగనే ఉంది."

"బాగంటే ఎట్ల బాగ?"

ఆయన తల పైకెత్తి ట్యూబులైట్లని చూస్తూ ఆలోచించేవారు. "మీ నాయిన ఇంట్ల గాదె ఉండె గద. దాని మూత తీసినట్టుంది."

ఆవిడ ఆ పప్పు కొనేది. పప్పు మంచిదో కాదో ఆ మాటతో ఏం తేలిందో నాకు తెలీదు. పెళ్ళైన ఇన్నేళ్ళకి ఆయన తిండి గురించి మాట్లాడుతున్నారు, అది ఆవిడకి చాలు. దారి మధ్యలో నిలబడి వాదించుకునే ఆ ఇద్దరినీ బండ్లు తోసుకుంటూ జనం తప్పుకుని పోయేవాళ్ళు.

రాష్ట్రం వచ్చిన ఏడాది వానాకాలంలో మా వారికి ఊరి అవతలి వైపు ఉద్యోగం దొరికింది. ఇల్లు మారుతున్నామని చెప్పడానికి సాయంత్రం కిందికి వెళ్ళాను. ఎలా చెప్పాలో తెలియక టీ తాగుతూ ఆలస్యం చేశాను. చెప్పాక ఆవిడ, "అక్కడ షాపులున్నయా?" అని మాత్రం అడిగింది. ఉన్నాయన్నాను. "ఆదివారం పోకు" అంది.

మధ్యాహ్నం కురిసిన వానకి వీధి చివర మురుగు నాలా పొంగింది. గాలి ఇటు తిరిగింది. ఆ కంపు మా వీధివాళ్ళకి కొత్త కాదు. పై వాటాల్లో కిటికీలు ఒకటొకటే ధడేల్మని మూసుకుంటున్నాయి. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. బాబాయిగారు కిటికీ మూయడానికి లేచారు.

"ఆగు" అంది ఆవిడ.

గ్లాసు కింద పెట్టింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, చువ్వలు పట్టుకుని మొహం బయటికి పెట్టింది. ఒకసారి లోపలికి పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఆవిడ భుజాలు పైకి లేచి ఆగిపోయాయి.

ఆయన వెళ్ళి పక్కన నిలబడ్డారు. "వస్తుందా?" అన్నారు.

ఆవిడ ఇంకోసారి నెమ్మదిగా పీల్చి, కళ్ళు మూసుకుని చూసుకుంది.

"వస్తుంది" అంది. "జర జర వస్తుంది. గలీజు కంపు."

ఆయన చెయ్యి ఇంకా కిటికీ తలుపు మీదే ఉంది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఉండనియ్యి" అంది.

మిగిలిన టీ మేం ముగ్గురం ఆ కంపులోనే కూర్చుని తాగాం.